లిబర్టడోరెస్‌కు ఇంగ్లీష్ కామెంటరీ ఎందుకు దొరకదు? స్పానిష్ రాకుండా చూడొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. డాలస్‌లో ఉంటారు, ఇప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే మీకు ప్రీమియర్ లీగ్, ఛాంపియన్స్ లీగ్. 2025 జూన్‌లో క్లబ్ వరల్డ్ కప్ చూశారు. ఫ్లమెంగో 3-1తో చెల్సీని ఓడించింది, బొటఫోగో 1-0తో పారిస్ సాంజెర్మాఁని ఓడించింది, ఫ్లుమినెన్సే సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఈ బ్రెజిల్ జట్లు మిగతా ఏడాదంతా ఎక్కడ ఆడతాయని వెతికితే, దక్షిణ అమెరికా క్లబ్బులకు ఛాంపియన్స్ లీగ్ లాంటి కోపా లిబర్టడోరెస్ కనిపించింది. తీరా టీవీ పెడితే అంతా స్పానిష్. ఇంగ్లీష్‌లో ఎందుకు ఇవ్వరు, ఇచ్చేది ఎక్కడ, స్పానిష్ ముక్క రాని మనం చూసి ఆనందించగలమా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్తాను. అమెరికాలో లిబర్టడోరెస్ హక్కులు 2019లో బీఇన్ స్పోర్ట్స్ ఛానల్ చేతికి వచ్చాయి. వాళ్లు పెద్ద మ్యాచ్‌లకు ఇంగ్లీష్ కామెంటరీ ఇస్తూ వచ్చారు, మిగతావి స్పానిష్‌లోనే వెళ్లిపోతాయి. బ్రెజిల్, అర్జెంటీనా దేశవాళీ లీగ్‌లకైతే ఇంగ్లీష్ కామెంటరీ ఉంటుందన్న ఆశ పెట్టుకోకండి. అది ఒక సీజన్ వస్తుంది, ఇంకో సీజన్ పోతుంది. స్పానిష్ రాకపోయినా హాయిగా చూడొచ్చు. ఓ యాభై అరవై మాటలు పట్టుకుంటే నెల రోజుల్లో చెవి అలవాటు పడుతుంది. ఇంగ్లీష్ వచ్చేదాకా ఆగుతానంటే మాత్రం ఏళ్లు గడిచిపోతాయి. నేను చెప్పదలచుకున్నది అదే: ఆగకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మ్యాచ్‌లు చూడటమే కొన్నేళ్లు నా ఉద్యోగం. 2011 నుంచి దాదాపు ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక స్పోర్ట్స్ డేటా కంపెనీలో మ్యాచ్ లాగింగ్ చేశాను. ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారు, ఎన్నో నిమిషంలో ఎక్కడ ఫౌల్ అయింది, కార్నర్ ఎవరు తీశారు, ఇవన్నీ హెడ్‌సెట్ పెట్టుకుని మ్యాచ్ జరుగుతుండగానే కీబోర్డుతో కొడుతూ పోవాలి. యూరప్ మ్యాచ్‌లు సీనియర్లకు వెళ్లేవి. కొత్తగా చేరినవాళ్లకు తెల్లవారుజాము షిఫ్టు, దక్షిణ అమెరికా మ్యాచ్‌లు. మాకు వచ్చే ఫీడ్‌లో ఇంగ్లీష్ ఉండేది కాదు. మొదటి వారం ఏడుపొచ్చినంత పనైంది. మూడో నెలకు వచ్చేసరికి యూరప్ మ్యాచ్‌లకు మారతావా అని అడిగితే వద్దన్నాను.

ఇక ఎందుకు దొరకదు అన్న సంగతి. చాలామంది టైమ్ తేడా వల్ల అంటారు. అది సగమే నిజం. బ్రెజిల్, అర్జెంటీనాల్లో రాత్రి తొమ్మిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్, వేసవిలో లండన్‌లో అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు వస్తుంది. ఇంగ్లీష్‌లో ఫుట్‌బాల్ చూసే అతిపెద్ద జనాభాలో ఒకటి ఆ టైమ్‌కు నిద్రపోతోంది కాబట్టి బ్రిటన్ ఛానల్స్ దానిమీద డబ్బు పెట్టవు. సరే. కానీ అదే మ్యాచ్ మీ డాలస్‌లో సాయంత్రం ఏడున్నర, నాకు న్యూజెర్సీలో ఎనిమిదిన్నర. టీవీకి అంతకంటే మంచి టైమ్ ఏముంటుంది? హైదరాబాద్‌లోనైతే పొద్దున ఆరు గంటలు, కాఫీ తాగుతూ చూడొచ్చు. కాబట్టి అమెరికా విషయంలో టైమ్ కారణం కాదు.

అమెరికాలో అసలు కారణం స్పానిష్ ప్రేక్షకులే. ఈ దేశంలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు నాలుగు కోట్లకు పైనే. ఛానల్ లెక్కలో చూడండి: హక్కులు కొన్నారు, స్పానిష్‌లో వేశారు, చూసేవాళ్లు వచ్చేశారు, యాడ్స్ వచ్చేశాయి. ఇంగ్లీష్ కోసం మళ్ళీ ఒక కామెంటేటర్, పక్కన ఒక మాజీ ఆటగాడు, ఒక ప్రొడ్యూసర్, ఒక బూత్, ముందురోజు చదువుకోవడానికి టైమ్ కావాలి. ఎవరూ స్టేడియానికి వెళ్లరు, స్టూడియోలో తెర ముందు కూర్చునే చెప్తారు. అయినా అది ప్రతి మ్యాచ్‌కూ పెట్టాల్సిన ఖర్చు.

మ్యాచ్‌ల సంఖ్య కూడా చూడండి. లిబర్టడోరెస్ గ్రూప్ దశలో 32 జట్లు, 8 గ్రూపులు. అంటే ఒక్కో రౌండ్‌కు 16 మ్యాచ్‌లు. దాని చెల్లెలు లాంటి కోపా సుడమెరికానాలో ఇంకో 16. మంగళ, బుధ, గురువారాల్లో మూడు రాత్రుల్లో 32 మ్యాచ్‌లు ఒకదానిమీద ఒకటి పడతాయి. వీటిలో రెండో మూడో ఏరి ఇంగ్లీష్‌లో చెప్పిస్తారు. ఆ ఏరిన వాటిలో అర్జెంటీనా జట్లు బోకా, రివర్, బ్రెజిల్ జట్టు ఫ్లమెంగో లాంటి పేర్లే ఉంటాయి. ఈక్వడార్ జట్టు పరాగ్వేకు వెళ్లి ఆడే మ్యాచ్‌కు ఎవరూ మైకు పెట్టరు. నా అనుభవంలో అసలైన మ్యాచ్‌లు చాలాసార్లు అవే.

రెండో కారణం హక్కుల అమ్మకం. 2015లో అమెరికా న్యాయశాఖ ఫిఫా అవినీతి కేసు పెట్టినప్పుడు దక్షిణ అమెరికా టీవీ హక్కుల లంచాలే అందులో పెద్ద భాగం. బ్యూనస్ ఐరిస్‌లోని టోర్నియోస్ కంపెనీ అధిపతి అలెహాండ్రో బుర్సాకో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. లిబర్టడోరెస్ హక్కుల కోసం కూడా లంచాలు వెళ్లాయి. హక్కులు అలా చేతులు మారుతున్నంత కాలం ఈ ఆటను ప్రపంచానికి ఎలా చూపించాలి అని ఆలోచించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ప్రీమియర్ లీగ్ ప్రతి దేశంలో ప్రేక్షకుల్ని కూడగట్టుకుంటున్న ఆ పాతికేళ్లలో, 1960లో మొదలైన ఇంత పాత టోర్నీని బయటివాళ్లకు పరిచయం చేసే పనే సరిగా జరగలేదు. 2019 సీజన్ నుంచి మాత్రం దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కాన్మెబోల్ ఒక ఏజెన్సీని పెట్టి, బహిరంగంగా బిడ్లు పిలిచి అమ్మడం మొదలుపెట్టింది.

దేశవాళీ లీగ్‌ల కథ ఇంకా చిక్కు. బ్రెజిల్‌లో 2011లో క్లబ్బుల ఉమ్మడి సంఘం విరిగిపోయాక ఎవరి హక్కులు వాళ్లు అమ్ముకున్నారు. ఆ తర్వాత క్లబ్బులు రెండు వర్గాలుగా కూడా చీలాయి. విదేశీ ఛానల్ కొందామని వస్తే ఇలాంటి చోట బేరం కుదుర్చుకోవడం తేలిక కాదు. అర్జెంటీనాలో 2009 నుంచి ప్రభుత్వమే హక్కులు కొని దేశమంతా ఉచితంగా చూపించింది. అక్కడి పేదవాడికి అది గొప్ప మేలు, నేను తప్పు పట్టను. కాకపోతే విదేశీ ప్రేక్షకుడు ఎవరి ఆలోచనలోనూ లేడు. పైగా అక్కడ లీగ్ పద్ధతి మారుతూనే ఉంటుంది. 2014లో 20 జట్లు, 2015లో 30 జట్లు. కొత్తవాడికి ఇంగ్లీష్‌లో ఆ పద్ధతి వివరించడమే ఒక కార్యక్రమం అవుతుంది. 2021లో స్ట్రీమింగ్ యాప్ పారమౌంట్ ప్లస్ బ్రెజిల్, అర్జెంటీనా లీగ్‌లు రెండూ తీసుకున్నప్పుడు నేను పండగ చేసుకున్నాను. అది ఎక్కువ కాలం నిలవలేదు. అందుకే డబ్బు కట్టేముందు ఈ ఏడాది హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకోండి. పాత వెబ్‌సైట్లు చెప్పే ఛానల్ పేరు నమ్మి ఏడాది ప్యాకేజీ తీసుకోకండి. ఛానల్ ఉన్నా మీ కేబుల్‌లో ఉండకపోవచ్చు. 2018లో రెండు పెద్ద కంపెనీలు బీఇన్‌ను తమ లిస్టులోంచి తీసేశాయి. అప్పుడు చాలామంది నాలాగే రాత్రికి రాత్రి స్ట్రీమింగ్‌కు మారాల్సి వచ్చింది.

మూడో కారణం ఆటగాళ్లు యూరప్‌కు వెళ్లిపోవడం. వినీసియస్ జూనియర్ 18 ఏళ్లకే ఫ్లమెంగో వదిలాడు, ఎండ్రిక్ 18 ఏళ్లకే పల్మేరాస్ వదిలాడు. ఇద్దరూ జులైలో, అంటే బ్రెజిల్ సీజన్ నడుస్తుండగా వెళ్లారు. పోస్టర్ మీద వేసుకున్న కుర్రాడు సెమీఫైనల్‌కు ఉండడు. ఇది ఇప్పుడు కాస్త మారుతోంది. నెయ్‌మార్ 2025లో సాంటోస్‌కు తిరిగొచ్చాడు, అర్జెంటీనా ఆటగాళ్లు డి మరియా రొసారియో సెంట్రల్‌కు, పరేదెస్ బోకాకు వచ్చారు. బ్రెజిల్ క్లబ్బుల దగ్గర డబ్బు కూడా పెరిగింది. 2019 నుంచి 2025 దాకా వరుసగా ఏడు లిబర్టడోరెస్ కప్పులూ బ్రెజిల్‌కే వెళ్లాయి.

మన సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1986 వరల్డ్ కప్ దూరదర్శన్‌లో చూసిన తరం నుంచి మన ఇళ్లలో అర్జెంటీనా, బ్రెజిల్ అంటే ప్రాణం. మా నాన్నగారికి మరడోనా తప్ప వేరే ఆటగాడి పేరు తెలియదు. కానీ ఆ మరడోనా అర్జెంటినోస్ జూనియర్స్‌లో ఆట మొదలుపెట్టి బోకాకు వెళ్లాడని మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? 2022 మే నెలలో రివర్ ప్లేట్ 8-1తో పెరూ జట్టు అలియాన్సా లిమాను ఓడించిన మ్యాచ్‌లో హులియాన్ ఆల్వరెస్ ఒక్కడే ఆరు గోల్స్ కొట్టాడు. ఏడు నెలల తర్వాత వరల్డ్ కప్ సెమీఫైనల్లో అతను రెండు గోల్స్ కొడితే మావాళ్లంతా "ఎవరీ కుర్రాడు?" అని వాట్సాప్‌లో అడిగారు. లిబర్టడోరెస్ చూసేవాళ్లకు ఆ ప్రశ్న రాలేదు.

ఇంగ్లీష్ కామెంటరీ ఉన్నంత మాత్రాన మేలు జరుగుతుందనీ లేదు. ఇది నా అభిప్రాయం, కొందరు ఒప్పుకోరు. ఈ ఆట తెలిసినవాళ్లు చెప్తే ఇంగ్లీష్ అద్భుతంగా ఉంటుంది. 1994 నుంచి రియోలో ఉంటూ రాసే టిమ్ వికరీ లాంటివాళ్లు ఏం చెప్పినా చెవులు అప్పగించి వింటాను. తెలియనివాళ్లు చెప్తే మాత్రం మ్యాచ్ అంతా ఈ కుర్రాణ్ని యూరప్‌లో ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్న చర్చే. కళ్లముందు కప్పు కోసం 22 మంది ప్రాణం పెట్టి ఆడుతుంటే అది సంత బేరంలా మారిపోతుంది. ఆ రెండో రకం కంటే అర్థం కాని స్పానిష్ నయం. కనీసం అరుపు ఎక్కడ నిజమో తెలుస్తుంది.

ఒక రోజు సంగతి చెప్తాను. 2013 మే, బ్రెజిల్ జట్టు అట్లెటికో మినైరో, మెక్సికో నుంచి వచ్చిన టిహువానాతో క్వార్టర్‌ఫైనల్ ఆడుతోంది. మొదటి మ్యాచ్ 2-2. ఇది 1-1 మీద ఉంది, ఇలాగే ముగిస్తే ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కన మినైరో గట్టెక్కుతుంది. హైదరాబాద్‌లో అప్పటికి తెల్లారింది, కిటికీలోంచి ఎండ నా మానిటర్ మీద పడుతోంది. ఇంజురీ టైమ్‌లో టిహువానాకు పెనాల్టీ ఇచ్చారు. నా హెడ్‌సెట్‌లో కామెంటేటర్ గొంతు ఒక్కసారి పడిపోయింది, చావు కబురు చెప్తున్నవాడిలా. స్టేడియంలో కొందరు వెనక్కి తిరిగి నిలబడ్డారు. గోల్‌కీపర్ విక్టర్ కుడివైపు దూకాడు, బంతి మధ్యలోకి వచ్చింది, గాల్లో వెనక మిగిలిన ఎడమ కాలికి తగిలి బయటికి పోయింది. ఆ కామెంటేటర్ ఏమన్నాడో నాకు ఒక్క ముక్క తెలియలేదు. నా వేలు మాత్రం "సేవ్" బటన్ మీద ఉండాల్సింది, నోటిమీదికి వెళ్లింది. పక్క సీట్లో వేరే మ్యాచ్ చూస్తున్న అమ్మాయి ఏమైందని హెడ్‌సెట్ తీసింది. ఆ ఏడాది కప్పు మినైరోదే, క్లబ్ చరిత్రలో మొదటిది. విక్టర్‌ను అక్కడ ఇప్పటికీ సెయింట్ అని పిలుస్తారు.

ఇక మీరు ఎలా మొదలుపెట్టాలో చెప్తాను.

ముందు ఫలితం తెలిసిన మ్యాచ్ చూడండి. 2024 ఫైనల్ మంచిది. బ్యూనస్ ఐరిస్‌లో బొటఫోగో, అట్లెటికో మినైరో. మొదటి నిమిషంలోనే బొటఫోగో ఆటగాడు గ్రెగోరికి రెడ్ కార్డు, పదిమందితో ఆడి 3-1తో గెలిచారు. ఏం జరగబోతోందో ముందే తెలుసు కాబట్టి టెన్షన్ లేకుండా మాటల మీద చెవి పెట్టొచ్చు. ఫౌల్ జరిగిన ప్రతిసారీ ఏ మాట వినిపించింది, కార్నర్‌కు ఏమన్నారు, అలా పట్టుకోండి. పూర్తి మ్యాచ్ దొరక్కపోతే కాన్మెబోల్ వాళ్ల యూట్యూబ్ ఛానల్లో హైలైట్స్ ఉంటాయి.

మాటలు ఎక్కువేం లేవు. స్పానిష్‌లో గోల్‌కీపర్ "అర్కేరో", గోల్‌పోస్టు "అర్కో", గ్రౌండ్ "కాంచా", ఫ్రీ కిక్ "టీరో లీబ్రే", ఫౌల్ "ఫాల్టా", రెడ్ కార్డు "రోహా", ఎల్లో "అమరీయా". అర్జెంటీనావాళ్ల నోట అది "అమరీషా" అవుతుంది. ఆఫ్‌సైడ్‌ను అర్జెంటీనాలో "పొసిసియోన్ అదెలంతాద" అంటారు, పాతవాళ్లు "ఓర్సాయ్" అంటారు. అది ఆఫ్‌సైడ్ అన్న ఇంగ్లీష్ మాటే, అక్కడి నోళ్లలో నాని అలా అయింది. బ్రెజిల్ పోర్చుగీస్‌లో ఆఫ్‌సైడ్ "ఇంపెజిమెంటు", కార్నర్ "ఎస్కంటేయు", గోల్‌కీపర్ "గొలేరు", అభిమానుల గుంపు "తొర్సీద", నాకౌట్ దశ "మాత-మాత". చంపు-చంపు అని అర్థం. ఇవి ఒక కాగితం మీద రాసుకుని టీవీ పక్కన అంటించండి. నేను మానిటర్ అంచుకు అంటించుకున్నాను.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, వాళ్లవీ చాలావరకు అంతే. మన లిపిలో రాసుకుంటే ఉచ్చారణ దాదాపు సరిగ్గా వస్తుంది. ఇంగ్లీష్ కామెంటేటర్ నోట "జోవో" అయ్యే పేరును మనం అరసున్న పెట్టి "జువాఁవ్" అని రాసుకోగలం. బ్రెజిల్‌లో మాట మొదట్లో వచ్చే "ర" మన "హ"లా వినిపిస్తుంది, రొనాల్దో అక్కడ "హొనాల్దు". ఇది తెలియక మొదట్లో ఎవరి పేరు అంటున్నారో పట్టుకోలేక నేను లాగింగ్‌లో తప్పుమీద తప్పు చేశాను.

ఆడియో మెనూ చూడండి. కొన్ని యాప్‌లలో కామెంటరీ లేకుండా స్టేడియం శబ్దం మాత్రమే వినే వీలుంటుంది. భాష తలనొప్పిగా ఉన్న రోజు అది పెట్టుకోండి. డ్రమ్స్, పాటలు, ఈలలు వింటూ చూస్తే ఏ గోల్‌కిక్‌కు ఎందుకు కోపమొచ్చిందో అర్థమవుతుంది. ఫోన్లో ఇంగ్లీష్, టీవీలో స్పానిష్ కలిపి పెట్టుకోవాలని మాత్రం చూడకండి. రెండిటి ఆలస్యాలు కలవవు.

అది నాకు 2019 ఫైనల్ రోజు తెలిసొచ్చింది. న్యువర్క్‌లో ఐరన్‌బౌండ్ అని పోర్చుగీస్, బ్రెజిల్ వాళ్ల పేట ఉంది. ఎడిసన్ నుంచి రైల్లో వెళ్లి ఫెర్రీ స్ట్రీట్ దగ్గర ఒక బేకరీలో నిలబడ్డాను. లిమాలో ఫ్లమెంగో, రివర్ ప్లేట్. 88 నిమిషాల దాకా రివర్ 1-0. అక్కడి టీవీ నాకు అర్థం కాదేమోనని చెవిలో ఇంగ్లీష్ స్ట్రీమ్ పెట్టుకున్నాను. బేకరీ మొత్తం ఒక్కసారి పేలింది, కాఫీ కప్పులు దొర్లాయి. నా చెవిలో కామెంటేటర్ ఇంకా రివర్ కప్పు నిలబెట్టుకుంటోందని ప్రశాంతంగా చెప్తున్నాడు. అర నిమిషం తర్వాత అతనికి ఫ్లమెంగో ఆటగాడు గాబిగోల్ కొట్టిన గోల్ చేరింది. ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను. మూడు నిమిషాలకు గాబిగోల్ రెండోది కొట్టాడు, 2-1. పక్కనున్న పెద్దాయన నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. 1981 తర్వాత ఫ్లమెంగోకు అదే మొదటి లిబర్టడోరెస్. ఆయన మాట్లాడిన పోర్చుగీస్‌లో నాకు అందింది ఆ సంవత్సరం ఒక్కటే. డాలస్‌లో కూడా ఇలాంటి చోటు దొరుకుతుంది, అడిగి చూడండి.

మ్యాచ్‌కు ముందు పది నిమిషాలు ఇంగ్లీష్‌లోనే చదవండి. లా పాస్‌లో ఆటంటే సముద్రమట్టానికి 3,600 మీటర్ల పైన. రియో నుంచి వెళ్లిన జట్టు రెండో సగంలో ఎందుకు నడుస్తోందో అప్పుడు తెలుస్తుంది. అర్జెంటీనా లీగ్‌లో 2013లో ప్రత్యర్థి జట్టు అభిమానుల మీద నిషేధం పెట్టారు, అందుకే ఏళ్ల తరబడి స్టేడియం అంతా ఒకే రంగు. ఇవి స్పానిష్ కామెంటేటర్ చెప్పడు, తన ప్రేక్షకులకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి.

దొంగ స్ట్రీమ్‌ల జోలికి పోకండి. డబ్బు కట్టలేని నెలలో నేను వెళ్లి లాప్‌టాప్ పాడుచేసుకున్నాను. వాటి నిండా బెట్టింగ్ ప్రకటనలే.

చివరగా, ఒక్క జట్టును ఎంచుకోండి. అన్నీ చూద్దామనుకుంటే ఏదీ చూడలేరు. గ్రూపులు ఏప్రిల్, మే నెలల్లో, నాకౌట్లు ఆగస్టు నుంచి, ఫైనల్ నవంబర్‌లో. వారానికి ఒక సాయంత్రం చాలు. ఏ జట్టు పట్టుకున్నారో ఇక్కడే రాయండి. ఆ జట్టులో పదకొండు మంది పేర్లూ ఎలా పలకాలో తెలుగులో రాసి పెడతాను.